క్రికెట్టు సగటులు ఎంతవరకు నమ్మదగినవి?

దినపత్రికలో ఆటల పుట తెరచినప్పుడు ఆటకంటె ముందు అంకెలే కంటబడుతవి. ఒకని సగటు 45.97, ఇంకొకని సగటు 52.31, కనుక రెండవవాడు మేలైన ఆటగాడు అని తీర్పు చెప్పివేస్తారు. ఈ తీర్పుకు అప్పీలు లేదు. దశాంశ బిందువు తరువాత రెండంకెలు కనిపించగానే ఎవరో వెర్నియర్ కాలిపర్సుతో కొలిచి రాసినారన్నంత నమ్మకం కలుగుతుంది. కాని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి 45.97 అని రాసినట్లయితే, ఉపాధ్యాయుడు ఊరకుండడు. "నీ పరికరం అంత సూక్ష్మంగా కొలవగలదా? ఇందులో దోషమెంత?" అని వెంటనే అడుగుతాడు. ఆటల పుటను ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే అడిగి చూద్దాము. ప్రయోగశాలలో దోషం లెక్కవేయకపోతే పోయేవి రెండు మార్కులు. ఆటలో పోయేది ఒక మనిషి స్థానం.

పైన చెప్పిన 45.97 మన హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్‌ది. 1996 నుండి 2012 వరకు అతడు 134 టెస్టులు ఆడి, 225 ఇన్నింగ్సులలో 8781 పరుగులు చేసినాడు. వాటిలో 34 సార్లు ఔటు కాకుండా మిగిలినాడు. సగటు కట్టేటప్పుడు 225తో భాగించరు. ఔటైన 191 సార్లతోనే భాగిస్తారు. 8781ని 191తో భాగిస్తే 45.97 వస్తుంది. 225తో భాగించినట్లయితే 39 మాత్రమే. మనిషి ఒకడే, పరుగులు అవే. హారం మారితే ఏడు పరుగులు తరిగిపోయినవి. 52.31 రాహుల్ ద్రవిడ్‌ది. అతడు 286 ఇన్నింగ్సులలో 32 సార్లు నాటౌటు.

ఔటు కాని ఇన్నింగ్సును హారంలోనుండి తీసివేయడం న్యాయమేనా అన్నది పాత తగాదా. న్యాయం కాదనేవారు చూపించే ఉదాహరణ తమాషాగా ఉంటుంది. 1953లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండుకు వెళ్లినప్పుడు బిల్ జాన్‌స్టన్ అనే బౌలరు ఆ పర్యటన మొత్తంలో 17 ఇన్నింగ్సులు ఆడి 102 పరుగులు చేసినాడు. చిట్టచివర దిగేవాడు గనుక ఔటైనది ఒక్కసారే. ఆ లెక్కన అతని సగటు 102. జట్టులోని పెద్ద పెద్ద బ్యాట్స్‌మన్లందరికంటె పైన అతని పేరు నిలిచింది! బ్యాటు పట్టడంలో తన ప్రతిభ ఎంతటిదో అతనికే బాగా తెలిసి ఉంటుంది.

అయితే నవ్వి వదలిపెట్టడానికి వీలులేని సంగతి ఒకటి ఇందులో ఉన్నది. ఔట్లతో భాగించడం తెలివితక్కువ పని కాదు. దీనిని విద్యుద్దీపాల ఉదాహరణతో వివరించవచ్చును. ఒక కర్మాగారంవారు పది దీపాలు వెలిగించి, అవి ఎన్ని గంటలు వెలుగుతవో పరీక్షిస్తున్నారనుకొందాము. వెయ్యి గంటలకు పరీక్ష ఆపివేసినారు. అప్పటికి ఆరు దీపాలు మాడిపోయినవి, నాలుగు ఇంకా వెలుగుతున్నవి. ఆ నాలుగింటి ఆయుర్దాయం వెయ్యి గంటలే అని రాయడం తప్పు. అవి ఇంకా ఎంతకాలం వెలిగేవో మనకు తెలియదు. వాటిని లెక్కలో వేయకుండా పారవేయడం అంతకంటె తప్పు, ఎందుకంటె గట్టి దీపాలే అవి. ఇటువంటప్పుడు గణాంకశాస్త్రం చెప్పే ఉపాయమేమంటే, పది దీపాలూ వెలిగిన మొత్తం గంటలను, మాడిపోయిన దీపాల సంఖ్యతో మాత్రమే భాగించవలెను. చూడగా, ఇది క్రికెట్టు సగటే! నాటౌటుగా మిగిలిన బ్యాట్స్‌మన్ ఇంకా వెలుగుతున్న దీపం వంటివాడు.

ఈ ఉపాయం సరిగా పనిచేయడానికి ఒక షరతున్నది. దీపం కొత్తదైనా పాతదైనా, రాబోయే గంటలో మాడిపోయే సంభావ్యత ఒకే విధంగా ఉండవలెను. బ్యాట్స్‌మన్ విషయంలోనైతే, సున్న దగ్గర ఉన్నప్పుడూ ఎనభై దగ్గర ఉన్నప్పుడూ ఔటయ్యే అవకాశం సమానంగా ఉండవలెను. అట్లా ఉన్నట్లయితే అతని స్కోర్లు ఒక గుణశ్రేఢిని అనుసరిస్తవి. చిన్న స్కోర్లు చాలా ఎక్కువగా, పెద్ద స్కోర్లు క్రమంగా అరుదుగా వస్తవి. 1945లో ఇంగ్లండులో ఎల్డర్టన్, వుడ్ అనే ఇద్దరు ఈ విషయం పరిశీలించి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసాలు ప్రచురించినారు. బ్యాట్స్‌మన్ల స్కోర్లు గుణశ్రేఢికి చాలవరకు దగ్గరగానే ఉంటవని తేలింది. దగ్గరగానే గాని, అచ్చంగా కాదు. సున్నాలు మాత్రం సూత్రం చెప్పినదానికి మించి వస్తవి. కారణం ఆటాడిన ప్రతివాడికీ తెలుసును. కొత్తగా వచ్చినవాడికి పిచ్చి అలవాటు కావలెను, బంతి కంటికి ఆనవలెను. మొదటి పది బంతులు గండం.

ఇక్కడనే సగటులోని మొదటి లోపం బయటపడుతుంది. ఆరవ స్థానంలో దిగి, ఇరవై పరుగులు చేసి, జట్టు గెలిచినందువల్లనో ఓవర్లు అయిపోయినందువల్లనో తిరిగి వచ్చినవాడికి సగటు సూత్రం ఒక బహుమతి ఇస్తున్నది. మూడవ స్థానంలో కొత్తబంతిని ఎదుర్కొనేవాడికి ఆ బహుమతి లేదు. గుంటూరు ఆటగాడు అంబటి రాయుడు ఒకరోజు అంతర్జాతీయ పోటీలలో 50 ఇన్నింగ్సులు ఆడి 1694 పరుగులు చేసినాడు. 14 సార్లు నాటౌటు గనుక సగటు 47.05. ఇన్నింగ్సుకు లెక్కిస్తే 34కు కొంచెం తక్కువ. సికిందరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ అదే తరహా పోటీలలో 211 ఇన్నింగ్సులలో 7805 పరుగులు చేసినది. 57 సార్లు నాటౌటు, సగటు 50.68. ఇన్నింగ్సుకైతే 37. ఈ రెండు లెక్కలలో ఏది నిజమని అడుగరాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం. ఔటు కావడానికి మధ్య ఎన్ని పరుగులు చేస్తాడన్నది ఒక ప్రశ్న. బ్యాటు పట్టుకొని లోపలికి పోయిన ప్రతిసారీ జట్టుకు ఎన్ని పరుగులు తెస్తాడన్నది మరొక ప్రశ్న. పత్రిక మొదటి ప్రశ్నకు సమాధానం అచ్చువేసి, రెండవ ప్రశ్నకు సమాధానం దొరికినదని పాఠకుడిని నమ్మిస్తున్నది.

ఇక దోషం సంగతి. గుణశ్రేఢిని అనుసరించే రాశులకు ఒక విచిత్ర లక్షణమున్నది. వాటి ప్రామాణిక విచలనం దాదాపు వాటి సగటుతో సమానం. అనగా 45 సగటు ఉన్నవాడి స్కోర్లు, అటూ ఇటూ సుమారు 45 మేర చెదరి ఉంటవి. ఒకనాడు 0, మరునాడు 130. ఇంత చెదరిపోయే రాశి సగటును కొద్ది పరిశీలనలతో తేల్చడం సాధ్యం కాదు. సగటును ఔట్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఆ సగటులోని ప్రామాణిక దోషం వస్తుంది. విద్యార్థులు కాగితం మీద వేసి చూచుకోవచ్చును. లక్ష్మణ్ విషయంలో 191కి వర్గమూలం 13.8. 45.97ను దానితో భాగిస్తే 3.3. పదహారేండ్లు ఆడిన తరువాత కూడా అతని సగటును 46, అటు ఇటు 3.3 అని మాత్రమే చెప్పగలము. రెండవ దశాంశ స్థానం మాట అటుంచి, ఒకట్ల స్థానంలో ఉన్న అంకెకే స్థిరత్వం లేదు.

ఇంతకంటె తెలివైన సూత్రమేదైనా వాడి ఈ దోషాన్ని తగ్గించరాదా అని కొందరికి తోచవచ్చును. దీనికి సమాధానం చెప్పినది ఒక తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణరావు గారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో పనిచేసినారు. ఇరవై అయిదేండ్ల వయస్సులో, 1945లో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించినారు. ఇన్ని పరిశీలనలనుండి ఒక రాశిని ఇంతకంటె సూక్ష్మంగా అంచనా వేయజాలమని, పక్షపాతం లేని అంచనాలన్నిటికీ ఒక హద్దు ఉన్నదని అందులో నిరూపించినారు. స్వీడను దేశపు క్రామర్ కూడ స్వతంత్రంగా అదే ఫలితం సాధించినందున దానిని క్రామర్–రావు అవధి అంటారు. 2023లో వారు పరమపదించేవరకు ప్రపంచంలోని గణాంకశాస్త్రజ్ఞులందరూ వారిని గురువుగా భావించినారు. మనం పైన వేసిన లెక్క సరిగ్గా ఆ అవధి దగ్గరనే నిలుస్తుంది. స్కోర్లు గుణశ్రేఢిలో నడిచినంతవరకు దోషాన్ని ఇంతకంటె తగ్గించడం ఎవరి తరమూ కాదు. ఇంకా ఎక్కువ ఇన్నింగ్సులు ఆడించడమొక్కటే మార్గం. మనిషి ఆయుష్షు అందుకు ఒప్పుకోదు.

ఇప్పుడు ద్రవిడ్‌తో పోలిక చూద్దాము. అతని 52.31లోనూ దోషం 3.3 దగ్గరనే ఉన్నది. రెండు సగటుల మధ్య తేడా 6.3. తేడాలోని ప్రామాణిక దోషం 4.7. ఇద్దరి అసలు సామర్థ్యం సమానమే అయినా, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా ఆరింట ఒకసారి కనిపించగలదు. ద్రవిడ్ మేలైన ఆటగాడు కాదని దీని అర్థం కాదు. మేలని రుజువు చేయడానికి ఈ రెండంకెలు చాలవని అర్థం. ఇద్దరి ఆటా చూచినవారు వేరే కారణాలు చెప్పవచ్చును, వాటిని వినవచ్చును.

అంకెలన్నీ అబద్ధమనే వాదానికి నేను ఒప్పుకోను. 1948 ఆగస్టులో డాన్ బ్రాడ్మన్ తన చివరి ఇన్నింగ్సులో సున్నకు ఔటైనాడు. నాలుగు పరుగులు చేసి ఉంటే అతని సగటు సరిగ్గా 100 అయ్యేది. 99.94 దగ్గర ఆగిపోయింది. ఈ కథ చెప్పి కంటతడి పెట్టేవారు నేటికీ ఉన్నారు. నిజానికి 70 ఔట్ల మీద కట్టిన ఆ సగటులో దోషమే 12 పరుగులు. కనుక 99.94కూ 100కూ తేడా ఏమీ లేదు. కాని ఆ 12ను రెండింతలు చేసి 100లోనుండి తీసివేసినా 76 మిగులుతుంది. ఆయన తరువాత నిలిచేవారి సగటులు 60, 62 ప్రాంతంలోనివి. ఇంత తేడాను ఏ దోషమూ మింగలేదు. అంకెకు నోరున్నది, కాని అది గట్టిగా మాట్లాడవలసినంత తేడా ఉన్నప్పుడే వినవలెను.

దోషం లెక్కవేయని వాదం ఎక్కడికి దారితీస్తుందో 2019లో తెలుగువారందరూ చూచినారు. ఆ ఏప్రిల్‌లో ప్రపంచకప్పు జట్టు ప్రకటించినప్పుడు అందులో అంబటి రాయుడు పేరు లేదు. అంతకుముందు కొన్ని నెలలపాటు నాలుగవ స్థానంలో అతడే ఆడినాడు. బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడింటికీ పనికివస్తాడని విజయ్ శంకర్‌ను తీసుకొన్నట్లు ఎంపిక సంఘం అధ్యక్షుడు ఎమ్.ఎస్.కె. ప్రసాద్ వివరించినాడు. ఆయనదీ గుంటూరు ప్రాంతమే కావడం ఒక విశేషం. దేశమంతటా తగాదా చెలరేగింది. ఒక పక్షంవారు "47 సగటు ఉన్నవానిని వదులుతారా?" అన్నారు. రెండవ పక్షంవారు "మార్చిలో ఆస్ట్రేలియా మీద వరుసగా మూడు ఆటలలో 13, 18, 2 చేసినవానిని ఎట్లా తీసుకొంటారు?" అన్నారు.

రెండు వాదాలనూ పరీక్షించి చూద్దాము. రాయుడు ఔటైనది 36 సార్లు. 47ను 36 వర్గమూలమైన 6తో భాగిస్తే దోషం దాదాపు 8. అనగా అతని అసలు సామర్థ్యం 39 కావచ్చును, 55 కావచ్చును. ఇంకా గట్టి భరోసా కావలెనంటే 31 మొదలు 63 వరకు ఎక్కడైనా ఉండవచ్చునని చెప్పవలెను. ఇంత వెడల్పైన సంఖ్యతో మరొకరిని కొట్టివేయడం కుదరదు. మూడు ఆటల వాదమైతే మరీ బలహీనం. 47 సగటు ఉన్న బ్యాట్స్‌మన్ ఏ ఒక్క ఇన్నింగ్సులోనైనా 20కి లోపల ఔటయ్యే సంభావ్యత గుణశ్రేఢి ప్రకారం మూడింట ఒక వంతు. వరుసగా మూడుసార్లు అట్లా జరగడానికి సంభావ్యత సుమారు ఇరవై అయిదింట ఒక వంతు. యాభై ఇన్నింగ్సులు ఆడినవాడి జీవితంలో ఇటువంటి గొలుసు ఒకటి రెండు రాకపోతేనే ఆశ్చర్యపడవలెను. నాణెం మూడుసార్లు వరుసగా బొరుసు పడితే నాణెం చెడిపోయిందని ఎవరంటారు? ప్రసాద్ చెప్పిన కారణం సరియైనదా కాదా అన్నది వేరే చర్చ. అది సగటుతో తేలే ప్రశ్న కాదు. కాని వీధిలో, వార్తలలో నెలల తరబడి నడిచిన వాదమంతా ఈ రెండంకెల మీదనే నడిచింది. ఆ జూలై మొదటి వారంలో, ప్రపంచకప్పు ఇంకా నడుస్తుండగానే, రాయుడు ఆటనుండి విరమిస్తున్నట్లు ప్రకటించినాడు. తరువాత మనసు మార్చుకొన్నాడుగాని, దేశంకోసం మరల ఒకరోజు పోటీ ఆడలేదు.

ఇది పెద్దవారికి మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు. మా ఎర్రుపాలెం ప్రాంతంలో వరికోతలైన తరువాత కోసిన మళ్ళే మైదానాలు. సంక్రాంతి సెలవులలో ఊరూరా పందేలు నడుస్తవి. పాఠశాల జట్టును మండలానికి, అక్కడనుండి జిల్లాకు ఎంపిక చేసేటప్పుడు చేతిలో ఉండేది మూడు నాలుగు ఆటల స్కోరు పుస్తకం. మూడుసార్లు ఔటై 40 సగటు తెచ్చుకొన్న పిల్లవాడి అంకెలో దోషం 23. ఇతడికి 40, ఆ పిల్లవాడికి 25, కనుక ఇతడే వెళ్లవలెనని చెప్పడం చీట్లు తీయడంకంటె ఎంతో మెరుగు కాదు. వ్యాయామోపాధ్యాయుడు పదిరోజులు నెట్టు పక్కన నిలబడి, వంకరగా వచ్చే బంతికి ఎవరి కాలు ఎట్లా కదులుతున్నదో చూచి చెప్పిన మాట ఆ సగటుకంటె విలువైనది. అది అంకె కాకపోవడమే దాని నేరం.

ఇంతవరకు సగటు ఎంత సూక్ష్మమన్నది చూచినాము. దోషం బొత్తిగా లేదనుకొన్నప్పటికీ ఇంకొక ప్రశ్న మిగులుతుంది. అది కొలుస్తున్నది దేనిని?

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ ఉద్యానంలో ఆస్ట్రేలియా 445 పరుగులు చేసింది. మనవారు 171కే ముగిసి, 274 పరుగులు వెనుకబడి, ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. మొదటి ఇన్నింగ్సులో 59 చేసిన లక్ష్మణ్‌ను మూడవ స్థానానికి పంపినారు. అతడు 281 చేసినాడు. ద్రవిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పినాడు. జట్టు 7 వికెట్లకు 657 చేసి, ఆస్ట్రేలియాను 212కు పడగొట్టి, 171 పరుగుల తేడాతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడి గెలిచిన జట్లు టెస్టు చరిత్రలో అంతకుముందు రెండుసార్లు మాత్రమే కనిపిస్తవి. ఇప్పుడు లక్ష్మణ్ లెక్కలోనుండి ఆ 281ని, ఆ ఒక్క ఔటును తీసివేద్దాము. 8500ను 190తో భాగిస్తే 44.74. భారత క్రికెట్టు గతిని మార్చిన ఇన్నింగ్సు విలువ సగటు భాషలో 1.23 పరుగులు!

2010 అక్టోబరులో మొహాలీలో అదే ఆస్ట్రేలియా మీద గెలవడానికి 216 కావలెను. 124కే ఎనిమిది వికెట్లు పోయినవి. నడుము నొప్పితో, రన్నరును పెట్టుకొని ఆడుతున్న లక్ష్మణ్‌కు తోడుగా బౌలరు ఇషాంత్ శర్మ వచ్చినాడు. ఇద్దరూ కలిసి 81 పరుగులు చేసినారు. ఒక్క వికెట్టు మిగిలి ఉండగా మనవారు గెలిచినారు. లక్ష్మణ్ 73 నాటౌటు. ఆ డిసెంబరులో డర్బనులో, నాలుగు ఇన్నింగ్సులలో ఏ జట్టూ 230 కూడ దాటని పిచ్చి మీద, అతడు 38, 96 చేసినాడు. మనవారు 87 పరుగులతో గెలిచినారు. సగటు పుస్తకంలో ఈ 96కూ, బౌలర్లు అలసి, ఫలితం తేలదని అందరూ అనుకొంటున్న అయిదవరోజు సాయంత్రం తీరికగా చేసిన 96కూ భేదం లేదు. తాసిల్దారు కచేరీలో భూమి విస్తీర్ణం మాత్రమే రాసి, నల్లరేగడా చౌటినేలా అన్న గడి కొట్టివేసినట్లున్నది.

కొన్ని సంవత్సరాలుగా సగటుకు పోటీగా మరొక అంకె వచ్చింది. అది స్ట్రైకు రేటు. నూరు బంతులకు ఎన్ని పరుగులు అని దాని అర్థం. సగటుకు హారం ఔట్లు, దీనికి హారం బంతులు. ఏది కరువైతే దానిని హారంలో పెట్టవలెనన్నది సామాన్య సూత్రం. అయిదురోజుల ఆటలో బంతులు కావలసినన్ని, వికెట్లు పదే. ఇరవై ఓవర్ల ఆటలో బంతులు 120, వికెట్లు మాత్రం అవే పది. హారం మరచిపోతే ఏమవుతుందో 1975 జూన్‌లో మొదటి ప్రపంచకప్పు మొదటిరోజున లార్డ్స్‌లో తేలింది. ఇంగ్లండు 60 ఓవర్లలో 334 చేయగా, సునీల్ గవాస్కర్ ఆ 60 ఓవర్లూ నిలిచి 174 బంతులలో 36 నాటౌటుగా మిగిలినాడు. మనవారు 202 పరుగులతో ఓడినారు. సగటు పుస్తకం మాత్రం సంతోషించింది. 36 పరుగులు జమ, ఔటు లేదు!

స్ట్రైకు రేటు ఆ లోపాన్ని దిద్దింది గాని, తన లోపాన్ని తెచ్చిపెట్టింది. 2018 నవంబరులో వెస్టిండీసులో జరిగిన మహిళల ఇరవై ఓవర్ల ప్రపంచపోటీలో మిథాలీ రాజ్ పాకిస్థాను మీద 56, ఐర్లండు మీద 51 చేసి, రెండు ఆటలలోనూ ఉత్తమ క్రీడాకారిణి అయినది. ఆమె పరుగులు తీసే వేగం చాలదన్న విమర్శ అప్పటికే ఉన్నది. ఇంగ్లండుతో సెమీఫైనల్‌లో ఆమెను ఆడించలేదు. మనవారు 112కే అందరూ ఔటైనారు. ఓవర్లు పూర్తి కాకముందే వికెట్లు అయిపోయినవి. ఇంగ్లండు రెండే వికెట్లు కోల్పోయి గెలిచింది. ఆమె ఆడి ఉంటే గెలిచేవారని చెప్పడం శాస్త్రీయం కాదు. కాని ఆ పిచ్చి మీద ఆనాడు కరువైనది బంతులు కాదు, వికెట్లు అన్నది స్కోరు పట్టీలోనే కనిపిస్తున్నది. ఇరవై ఓవర్ల ఆట అనగానే హారంలో బంతులే ఉండవలెనన్న నియమం ఆనాటికి పనికిరాలేదు.

స్ట్రైకు రేటులో ఇంకొక మోసం దాగి ఉన్నది. ఇది విద్యార్థులు తప్పక కట్టి చూడవలసిన లెక్క. రాముడు, సోముడు అని ఇద్దరు బ్యాట్స్‌మన్లనుకొందాము. మధ్య ఓవర్లలో రాముడు 100 బంతులకు 130 పరుగులు, సోముడు 20 బంతులకు 24 పరుగులు చేసినారు. రాముడి వేగం 130, సోముడిది 120. చివరి ఓవర్లలో రాముడు 20 బంతులకు 40, సోముడు 100 బంతులకు 180. రాముడి వేగం 200, సోముడిది 180. అక్కడా రాముడే మేలు, ఇక్కడా రాముడే మేలు. ఇప్పుడు రెండూ కూడండి. రాముడు 120 బంతులకు 170, అనగా వేగం 142. సోముడు 120 బంతులకు 204, వేగం 170. ప్రతి భాగంలోనూ ఓడినవాడు మొత్తంలో గెలిచినాడు! కూడికలో తప్పు లేదు. అందరూ విసిరికొట్టే చివరి ఓవర్లలో సోముడికి ఎక్కువ బంతులు దొరికినవి, అంతే. దీనిని 1951లో వివరించిన ఆంగ్లేయుని పేరుమీద సింప్సన్ విరోధాభాస అంటారు. క్రికెట్టుతో దీని పని తీరలేదు. కష్టమైన రోగులందరినీ చేర్చుకొనే పెద్దాసుపత్రిలో మరణాల శాతం చిన్న ఆసుపత్రికంటె ఎక్కువ కనిపించడం కూడ ఇటువంటిదే. బలహీనులైన విద్యార్థులను పరీక్షకు పంపకుండా ఆపి నూటికి నూరు ఉత్తీర్ణత చూపించే చోట హారాన్నే చిన్నది చేస్తారు. ఆ విద్య ఉపాధ్యాయ పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

ఈ జబ్బు మనకే పరిమితం కాదు. అమెరికావారి ఫుట్‌బాల్‌లో బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. విసిరే నాయకుడిని క్వార్టర్ బ్యాక్ అంటారు. అతనికి మార్కులు వేయడానికి అక్కడి వృత్తి సంఘంవారు 1973లో ఒక సూత్రం ప్రవేశపెట్టినారు. విసిరిన బంతులలో ఎన్ని చేరినవి, విసురుకు ఎన్ని గజాలు వచ్చినవి, ఎన్ని గోళ్ళయినవి, ఎన్ని ప్రత్యర్థి చేతబడినవి అన్న నాలుగింటిని కలిపి కట్టినారు. పరిపూర్ణతకు అందులో వచ్చే మార్కులు 158.3! నూటికి కాదు, రెండువందలకూ కాదు. ఈ వింత అంకెకంటె వింతైన విషయం మరొకటి. క్వార్టర్ బ్యాక్ రెండు గజాల దూరం మెల్లగా అందించిన బంతిని ఇంకొకడు పట్టుకొని ఎనభై గజాలు పరుగెత్తితే, ఆ గజాలన్నీ అందించినవాడి ఖాతాలోనే పడుతవి. బంతి చేతిలో ఉండగానే శత్రువులకు చిక్కి కిందపడినవి లెక్కలోకి రావు, తానే పరుగెత్తి సాధించినదీ రాదు. పదకొండుమంది చేసిన పనిని ఒకని పేర రాసి, దానికి దశాంశం తగిలించినారు. మన దగ్గర కెప్టెను గెలుపుల శాతం కూడ ఈ జాతిదే.

మంచి కొలమానం ఎట్లా ఉంటుందో క్రికెట్టులోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1992 మార్చి 22న సిడ్నీలో ప్రపంచకప్పు సెమీఫైనల్. దక్షిణాఫ్రికాకు 13 బంతులలో 22 పరుగులు కావలసి ఉండగా వాన వచ్చింది. వాన వెలిసి తిరిగి వచ్చేసరికి రెండు ఓవర్లు తగ్గించినారు. లక్ష్యంలో మాత్రం, ఇంగ్లండు అతి తక్కువ పరుగులు చేసిన ఓవర్లనే తీసివేయవలెనన్న ఆనాటి నియమం ప్రకారం, తగ్గినది ఒక్క పరుగు. మిగిలినవి ఒక్క బంతికి 21 పరుగులు. మైదానంలో ఉన్నవారికి ఏడ్వాలో నవ్వాలో తెలియలేదు. ఇంగ్లండుకు చెందిన డక్‌వర్త్, లూయిస్ అనే ఇద్దరు గణాంకశాస్త్రజ్ఞులు అప్పుడు ఒక కొత్త మార్గం చూపినారు. ఓవర్లు ఒక వనరు, వికెట్లు ఒక వనరు. రెండూ కలిపి జట్టు చేతిలో ఇంకా ఎంత పెట్టుబడి మిగిలి ఉన్నదో పట్టిక కట్టినారు. పది వికెట్లూ చేతిలో ఉండి యాభైలో సగం ఓవర్లు మిగిలి ఉంటే, మిగిలిన పెట్టుబడి సగం కాదు, దాదాపు మూడింట రెండు వంతులు. వికెట్లు పోయిన కొద్దీ అవే ఓవర్ల విలువ పడిపోతుంది. 1997 జనవరి 1న హరారేలో మొదటిసారి ఈ పద్ధతిని వాడినారు. తరువాత స్టెర్న్ అనే ఆయన దానిని సంస్కరించినాడు. సామాన్య ప్రేక్షకుడు నేటికీ దానిని అర్థం కాదని తిట్టుకొంటాడు, అది కొంత నిజమే. కాని పరుగును దాని పరిస్థితితో కలిపి తూచిన లెక్క అది. జట్టు లక్ష్యానికి ఇంత జాగ్రత్త పడిన ఆట, ఆటగాడికి వెల కట్టేటప్పుడు మాత్రం ఇంకా ఒక భాగహారంతోనే సరిపెట్టుకొంటున్నది.

పాఠశాలలో ఇందుకు గణనయంత్రాలేమీ అక్కరలేదు. స్కోరు పుస్తకంలో ప్రతి బ్యాట్స్‌మన్ పేరు పక్కన మూడు గడులు ఎక్కువగా గీస్తే చాలును. దిగేటప్పటికి ఎన్ని వికెట్లు పోయినవి, ఎన్ని బంతులు మిగిలినవి, అతడున్నంతసేపు అవతలి కొసన ఉన్నవారు ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు తీసినారు. మూడవ గడి ముఖ్యం. ఒకే పిచ్చి మీద, అవే బౌలర్ల మీద ఆడినవారితో పోలిక గనుక, ఎండా వానా గరుకునేలా ఇద్దరికీ సమానమే. ఒక సంవత్సరంపాటు ఇట్లా రాసి, చివర సగటుతోబాటు దాని దోషాన్ని కూడ పక్కన వేసి, గణిత ఉపాధ్యాయుడు, వ్యాయామోపాధ్యాయుడు కలిసి కూర్చుని చూడవచ్చును. గడులు నింపే పనికి తన వంతు కోసం చెట్టుకింద ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న పిల్లవాడు చాలు, పెన్సిలు ఇస్తే.